బండ్లసావిడి ద్వారము

వేల్సు దేశపు ఈశాన్య భాగమున, రెక్స్‌హామ్ నగరమునకు సమీపమున ఎర్డిగ్ అను జమీ కలదు. 1684లో జాషువా ఎడిస్‌బరీ అనునతడు అచట భవనమును కట్టింప నారంభించి, అప్పులపాలై దానిని పోగొట్టుకొనెను. 1733 మొదలు 1973 వరకు అది యార్క్ కుటుంబము చేతిలో నుండెను. చూపరుల కన్ను సహజముగా ఆ భవనపు పొడవైన ముఖభాగముననే నిలుచును. కాని ప్రక్కనున్న గుఱ్ఱపుసాలలు, బండ్లసావిడి, వడ్రంగి కొట్టు, కమ్మరి కొలిమి వేరొక ప్రశ్న నడుగుచున్నవి. గృహము ఎవరిది? కట్టించినవారిదా, అనుభవించినవారిదా, తమ చాకిరితో నడిపినవారిదా?

ఇట్టి జమీలలోని బండ్లసావిడియందు అలంకారము స్వల్పము. ప్రతి కొలతకును కారణము మాత్రము కలదు. ఎత్తైన పెట్టెబండి ఎచటను తగులకుండ లోనికి పోవలెను గనుక ద్వారము విశాలముగా నుండును. ఇనుప పట్టాల చక్రముల బరువునకు ఓర్వవలెను గనుక నేలకు రాయి పఱతురు. గుఱ్ఱపుసాలనుండి లేచు ఘాటైన ఆవిరి బండి తోలును, వార్నీషును చెఱచును గనుక బండ్లకు వేరు గది కట్టుదురు. ప్రయోజనమునుండియే పుట్టిన ఈ పొందికలో నిక్కమైన సౌందర్యము కలదని అంగీకరింపవలెను. అయినను, సాయీసుల పడకగది తఱచుగా గుఱ్ఱపుసాల మీది అటకలోనే యుండెడిది. తోలు సహింపలేని గాలిని మనుష్యుడు సహింపగలడని ఆ నిర్మాణము మాటలాడకయే తీర్మానించినది. స్థపతి క్రూరుడు కానక్కఱలేదు. అతనికి ఆ ఆలోచనయే తట్టియుండదు. అన్యాయము అలవాటుగా మాఱినపుడు, అది గోడలలో ఇమిడిపోయి కంటికి కనబడకుండును.

యార్క్ కుటుంబమువారు ఈ విషయమున కొంత భిన్నులు. 1790ల దశకమున ఫిలిప్ యార్క్ తన సేవకుల చిత్రములను వ్రాయించి, వానికి పద్యములను జోడించెను. తరువాతి తరములవారు ఛాయాచిత్రములతో ఆ ఆచారమును కొనసాగించిరి. యజమానుల రూపములే గోడల నలంకరించిన కాలమున ఇది అపురూపమైన ఆదరణ. కాని ఆ పద్యములలో మాటలాడినది యజమానియే. సేవకులు అతనిని గూర్చి ఏమి తలచిరో తెలుపు పద్యము ఆ గోడలపై లేదు.

ఆ వరుసలో మఱింత పాత చిత్ర మొకటి కలదు. 18వ శతాబ్ది తొలినాళ్ల నాటి ఆ పటమున నల్లజాతి బాలుడొకడు బూర చేతబట్టి నిలిచియున్నాడు. అతడు యజమాని బండివెంట పోవు కుఱ్ఱవాడని చెప్పుదురు. దశాబ్దుల తరువాత చేర్చిన పద్యమే, అతనిని గూర్చి తెలిసినది స్వల్పమని ఒప్పుకొనుచున్నది. సావిడి నిలిచినది, బండ్లు నిలిచినవి. ఆ బాలుని పేరు నిలువలేదు.

1973లో చివరి యజమాని ఈ జమీని నేషనల్ ట్రస్టునకు ఒసగెను. అప్పటికి భూగర్భమున జరిగిన బొగ్గు త్రవ్వకమువలన భవనము క్రుంగియుండెను. మరమ్మతుల పిదప 1977లో దానిని ప్రజలకు తెఱచినపుడు, ట్రస్టువారు సందర్శకులను సింహద్వారము గుండ కాక, పనివారి ఆవరణముమీదుగా, సేవకుల గదుల గుండ లోనికి నడపిరి. మార్గము మాఱినంతమాత్రమున న్యాయము జరిగినట్లగునా? కాదు. గతించినవారికి కూలి చెల్లదు, పోయిన పేరు తిరిగి రాదు. పైగా, సేవకుల గదులను చూచి జాలిపడి, ఆ జాలితోనే ఋణము తీరినదని సందర్శకుడు తృప్తిపడు ప్రమాదమును కలదు.

అయినను, ముందుగా కొలిమిని, రాతినేలను దాటి, పిదప పట్టు తెరలను చూచువాడు వాని వెలను వేరుగా లెక్కించును. పాత కట్టడమును కాపాడుటకు ఈ లెక్కయే తగిన కారణము. అందలి పనితనమును మెచ్చుకొనుటలో దోషము లేదు. కాని సావిడి ద్వారపు వెడల్పును మెచ్చుకొనువాడు, తల యెత్తి, అటకకు గాలి వచ్చు కిటికీ యున్నదా యనియు చూడవలెను.