సచ్చిన గొడ్డు, సచ్చిన కంప్యూటర్

బతికున్నన్నాళ్ళు గొడ్డు ఊరోళ్ళది. పాలు వాళ్ళవి, దున్నిన భూమి వాళ్ళది. సచ్చినంక మాత్రం అది మాదిగోళ్ళది. "సచ్చింది, ఎత్కపోండ్రి" అని దొర మనిషి వాడకొచ్చి కేకేస్తే మా తాత కత్తి నూరుకొని పోయేటోడు. ఆ బరువు మోసినందుకు మాకు దక్కిన పేరు అంటరానోళ్ళు. సొత్తు ఒకరికి, శవం ఇంకొకరికి అన్న ఈ పంపకం గొడ్లతోనే ఆగిపోలేదు.

2006లో నేను హాస్టల్లో చదువుకుంటున్నప్పుడు ఒక ఆఫీసోళ్ళు పన్నెండు పాత కంప్యూటర్లు పంపిన్రు. దండలు, ఫోటోలు, ఉపన్యాసాలు అయినయి. పనిచేసినవి నాలుగే. ఏడాదికల్లా అవీ బియ్యం బస్తాల పక్కన మూలకుపడ్డయి. వాళ్ళ చెత్త వాళ్ళ గడప దాటింది, పైగా దాతలన్న పేరొచ్చింది. మాకు కంప్యూటరూ రాలేదు, ఆ చెత్త ఎక్కడ పారెయ్యాల్నో తెల్వలేదు.

ఎక్కడంటే అక్కడ పారేసేది కాదది. పాత డబ్బా మానిటర్ గాజులో సీసం ఉంటది. ఢిల్లీలో సీలంపూర్ గల్లీల్లో వైర్లు కాల్చి రాగి తీస్తరు, బోర్డుల్ని యాసిడ్‌లో ముంచి బంగారం తీస్తరు. ఆ పొగ పీల్చేది ఎక్కువగా పేద ముస్లింలు, వాళ్ళ ఆడోళ్ళు, పిల్లలు. కులం మారినా మతం మారినా చెత్త దారి కిందికే.

మరైతే ఆ పని మానెయ్యమందామా? 1927లో మహాడ్‌లో అంబేద్కర్ సచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమన్నడు. 2016లో ఉనాలో తోలు తీస్తున్న యువకుల్ని కొట్టినంక గుజరాత్ దళితులు కళేబరాల్ని తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేసిన్రు. ఆ నిరాకరణ నాకు గర్వం. కానీ అది మోసేవాళ్ళు తమంతట తాము తీసుకున్న నిర్ణయం. తుక్కు ఏరితేనే పొయ్యి వెలిగే ఇంటికి పోయి "మానెయ్" అని మనం చెప్తే అది కడుపు నిండినోడి నీతి అయితది. లాభం ఉంచుకొని విషాన్ని కిందికి తోసేటోడిని నిలదీయడమే మన పని.

అందుకు చట్టం కూడా ఉన్నది. పాత సరుకు బాధ్యత తయారుచేసిన కంపెనీలదేనని 2011 నిబంధనలే చెప్పినయి. 2022లో కొత్త నిబంధనలొచ్చి, 2023 ఏప్రిల్ నుంచి అమలైతున్నయి. కాయితం మీది ఆ బాధ్యతను గల్లీలోకి గుంజుకరావాలె. విప్పేటోడికి గ్లవ్స్, మాస్క్, సరైన కూలి అడగాలె.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. నడుస్తున్న మిషన్లు కూడా ఒక్కరోజులో "పాతవి" అయినయి. లైనక్స్ వేస్తే వాటిలో చాలా ఇంకొన్నేళ్ళు పనిచేస్తయి. మన హాస్టళ్ళకు ఇస్తమంటే తీసుకుందాం. కానీ నడిచేవే ఇయ్యాలె, నేర్పే మనిషిని పంపాలె, చెడిపోతే బాగుచెయ్యాలె. దండ వేసేముందే ఒక మాట రాయించుకోవాలె: ఇది సచ్చినంక ఎత్కపోవాల్సింది మీరే.