చీపురుకి దండం పెడతాం సరే, చీపురు పట్టిన చేతికి?



వరలక్ష్మీ వ్రతం, దీపావళి, ఉగాది... పండగ దగ్గరపడితే చాలు, నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇల్లు శుభ్రంగా ఉంటేనే లక్ష్మీదేవి వస్తుందంటారు కదా. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్లిపోతాం. ఇల్లు తుడిచేది మా పనావిడ. మరి ఆ పుణ్యం మాకా, ఆవిడకా?"

సగం సరదాగానే అడుగుతారు. కానీ ఇందులో పెద్ద ధర్మసందేహం ఉంది. శుభ్రం చేయడం నిజంగా పూజే అయితే, ఆ పూజ చేసే మనిషిని మనం ఎలా చూస్తున్నాం? ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు గుడిలోకి వెళ్దాం

తిరుమలలో ఏడాదికి నాలుగు సార్లు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. ఉగాది, ఆణివార ఆస్థానం, వార్షిక బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి - ఈ నాలుగింటికీ ముందు, సాధారణంగా మంగళవారం నాడు చేస్తారు. మూలవిరాట్టుని వస్త్రంతో కప్పి, లోపలి పూజాసామగ్రిని బయటికి తెచ్చి, గోడలు, పైకప్పు, ఉపాలయాలు అన్నీ నీళ్లతో కడుగుతారు. ఆ తర్వాత నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, కర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచిలిగడ్డ లాంటివి కలిపిన పరిమళ జలాన్ని గుడంతా చల్లుతారు. అదయ్యాకే నైవేద్యం, భక్తులకి దర్శనం.

ఇక్కడ పేరు గమనించండి. తిరుమంజనం అంటే పవిత్ర స్నానం. స్వామికి చేయించే స్నానానికి ఏ మాట వాడతారో, గోడలు కడగడానికీ అదే మాట. గుడి కడగడం పూజకి ముందు ముగించేసే పని కాదు, అదే ఒక పూజ.

తమిళనాడు శివాలయాల్లో అప్పర్ విగ్రహం ఎప్పుడైనా చూశారా? 7వ శతాబ్దపు నాయనారు, గొప్ప కవి. కానీ ఆయన చేతిలో గడ్డి చెక్కే చిన్న పనిముట్టు ఉంటుంది. గుడి ప్రాంగణాల్లో గడ్డి తీసి బాగుచేయడం ఆయన ఎంచుకున్న సేవ. అందుకే విగ్రహంలోనూ అది ఆయన చేతిని వదల్లేదు.

ఊడ్చే రాజు కథ

పూరీ రథయాత్ర టీవీలో చూసే ఉంటారు. గజపతి మహారాజు బంగారు పిడి ఉన్న చీపురుతో మూడు రథాలనీ స్వయంగా ఊడుస్తారు. దీన్ని ఛెరా పహరా అంటారు. దీని చుట్టూ ఒడియా వాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది.

గజపతి పురుషోత్తమ దేవుడికి కంచి రాజకుమారి పద్మావతినిచ్చి పెళ్లి చేయాలనుకున్నారట. ఆయన రథం ఊడుస్తాడని తెలిసి కంచి రాజు, "చీపురు పట్టేవాడికి నా కూతురినివ్వను" అన్నాడట. పురుషోత్తముడు యుద్ధం చేసి గెలిచాడు, రాజకుమారిని పూరీకి తెచ్చాడు. ఇంకా కోపం చల్లారక మంత్రితో, "ఈమెని ఒక ఊడ్చేవాడికిచ్చి పెళ్లి చెయ్" అన్నాడు. మంత్రి తెలివైనవాడు, రథయాత్ర దాకా ఆగాడు. రాజు చీపురు పట్టి రథం ఊడుస్తుండగా పద్మావతిని తీసుకొచ్చి, "ఊడ్చేవాడికి ఇవ్వమన్నారు కదా ప్రభూ, ఇదిగో" అన్నాడు. రాజు ఆమెని పెళ్లి చేసుకున్నాడు.

ఈ కథ విన్నవాళ్లు మంత్రి తెలివిని మెచ్చుకుంటారు. నాకు మాత్రం మధ్యలో రాజు అన్న మాట దగ్గరే మనసు ఆగిపోతుంది. ఏటా జగన్నాథుడి ముందు చీపురు పట్టే మనిషే ఆయన. అయినా ఎదుటివాళ్లని అవమానించాలనుకున్నప్పుడు ఆయనకి తోచిన పెద్ద శిక్ష, ఊడ్చేవాడితో పెళ్లి! తను ఊడిస్తే సేవ, ఇంకొకడు ఊడిస్తే హీనం. కంచి రాజు అన్నదీ అదే కదా. తనని నొప్పించిన మాటనే తిప్పి వాడుతున్నానని ఆయనకి తట్టలేదు. మంత్రి చేసింది పెళ్లి ఏర్పాటు ఒక్కటే కాదు, రాజు ముందు ఒక అద్దం పెట్టాడు.

ఆ అద్దంలో మనం కూడా కనిపిస్తాం.

మన ఫ్లాట్‌లోకి వద్దాం

చీపురు కాలికి తగిలితే కళ్లకి అద్దుకుంటాం, లక్ష్మి అంటాం. దాన్ని తొక్కకూడదు, చీకటి పడ్డాక ఊడవకూడదు అని పిల్లలకి కూడా నేర్పుతాం. బాగానే ఉంది. కానీ అదే చీపురు పట్టుకునే ఆవిడకి సింక్ కింద విడిగా ఒక గ్లాసు ఉంటుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఆవిడ అందరూ ఎక్కే లిఫ్ట్ ఎక్కకూడదు. పూజగది గచ్చు ఆవిడే తుడవాలి, కానీ అక్కడ నిలబడి దండం పెట్టుకుంటే ఇంట్లోవాళ్ల మొహం మారిపోతుంది. వస్తువుకిచ్చే గౌరవం మనిషికి ఇవ్వకపోతే దాన్ని భక్తి అనగలమా?

"అది మా ఇంటి మడి అండీ" అంటారు కొందరు. స్నానం చేసి, ఉతికి ఆరేసిన బట్ట కట్టుకుని, మనసు నిలిపి వండటం, పూజ చేయడం - ఇది మనకి మనం పెట్టుకునే నియమం. ఎదుటి మనిషి మీద ఇచ్చే తీర్పు కాదు. శుచి పేరు చెప్పి మనుషుల్ని గుమ్మం బయట నిలబెట్టిన చరిత్ర మనకుంది. దాన్ని దాచిపెట్టి శుభ్రత గురించి మాట్లాడితే, చెత్తని కార్పెట్ కిందకి తోసినట్టే.

భగవద్గీత 16వ అధ్యాయంలో కృష్ణుడు దైవీ సంపద అంటే ఏమిటో వరసగా చెబుతాడు. మూడో శ్లోకంలో శౌచం వస్తుంది. దాని వెంటనే వచ్చేవి రెండు: అద్రోహం, నాతిమానిత. అంటే ఎవరికీ కీడు తలపెట్టకపోవడం, నేనే గొప్ప అనే అహంకారం లేకపోవడం. నాకైతే ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తున్నట్టు అనిపిస్తుంది. శుభ్రంగా ఉన్నవాడికి సులువుగా వచ్చే జబ్బు, శుభ్రంగా లేనివాణ్ణి చూసి మొహం చిట్లించడం. దానికి మందు ఆ పక్కనే ఉంది.

మరి డబ్బులిచ్చి చేయించుకోవడం తప్పా?

కాదు. అది ఆవిడ జీవనోపాధి. సమయానికి జీతం, వారానికో సెలవు, జ్వరం వస్తే కోత పెట్టకపోవడం, ఇవన్నీ మన ఇంటి శౌచంలో భాగమే. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, డబ్బులిస్తున్నాం కాబట్టి మన మురికి ఇక మనది కాదు అనుకున్న దగ్గర.

ఇంట్లోనూ అంతే. పండగ ముందు బూజు దులిపేది అమ్మ, సామాన్లు తోమేది అమ్మ, గడపకి పసుపు రాసేది అమ్మ. హారతి టైముకి మనం ఫోన్‌తో రెడీ! రాజుగారే చీపురు పట్టిన సంప్రదాయం మనది. ఇంట్లో మగపిల్లలకి మినహాయింపు ఎవరిచ్చారండీ?

చెత్త సంగతీ చూడండి. మన ఇల్లు మెరుస్తుంటుంది. కవర్‌లో పగిలిన గాజుగ్లాసు, వాడేసిన ప్యాడ్, పెరుగన్నం కలిసి వెళ్తాయి. దాన్ని చేత్తో వేరు చేసేది చెత్త ఆటో మీద వచ్చే మనిషి. తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త వేరుగా ఇవ్వమని 2016 నిబంధనల్లోనే చెప్పారు. ఆ చెయ్యి తెగితే కారణం మనమే. గీత చెప్పిన అద్రోహం మన డస్ట్‌బిన్ దగ్గర కూడా వర్తిస్తుంది.

ఈ శుక్రవారం నుంచి

పెద్ద వ్రతం ఏమీ వద్దు. పూజగది మట్టుకు మీ చేత్తో మీరే తుడవండి. తిన్న కంచం మీరే కడగండి. పగిలిన గాజుని మందపాటి పేపర్లో చుట్టి, పైన రాసి ఇవ్వండి. ఇంట్లో పనిచేసే ఆవిడని పేరుతోనో, వరసతోనో పిలవండి. మీరు తాగే గ్లాసులాంటి దాంట్లోనే కాఫీ ఇవ్వండి. వ్రతం రోజు తాంబూలం ఇచ్చే వరసలో ఆవిడనీ కూర్చోబెట్టండి.

ఇక పుణ్యం ఎవరిది అన్న ప్రశ్న. ఆవిడ చేసిన పనికి పుణ్యం ఆవిడదే, అందులో మనకి వాటా అడిగే హక్కు లేదు. మనకి పుణ్యం కావాలంటే, ఆవిడతో మనం ఎలా ఉన్నాం అన్న దాంట్లో వెతుక్కోవాలి.

శుభం భూయాత్.