గ్రామపు పొలిమేరలో ముళ్లకంప



భయపడుట పాపమా? 2020వ సంవత్సరము మార్చి మాసములో ఈ ప్రశ్న మన గ్రామ సంఘములలో అనేకుల నోట వచ్చెను. విశ్వాసము గలవానికి భయమెందుకని కొందరనిరి. ముందు తలుపు గడియ వేసికొందము, విశ్వాసము సంగతి పిమ్మట చూచుకొందమని మరికొందరనిరి. కరోనా తెగులు మొదలైన ఆ దినములు గడచి కొన్ని సంవత్సరములైనది. తెగులు తగ్గగానే దానితోకూడ ప్రశ్నను సైతము అటకమీద పెట్టివేయుట మనకు అలవాటు. మీరు సమ్మతించినయెడల దానిని మరల క్రిందికి దింపి చూతము.

మన దేశములో మొదటి రోగిని ఆ సంవత్సరము జనవరి 30న కేరళలో కనుగొనిరి. తెలంగాణలో మొదటి రోగి మార్చి 2న, ఆంధ్రప్రదేశ్‌లో మొదటి రోగి మార్చి 12న నెల్లూరులో బయటపడిరి. ఇది ప్రపంచమంతట వ్యాపించుచున్న మహమ్మారియని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 11న చెప్పెను. అయితే భయము ఈ తేదీలకొరకు కాచుకొని కూర్చుండలేదు. అది ఫిబ్రవరిలోనే సెల్‌ఫోనులో ఎక్కి మన యిండ్లలోనికి వచ్చెను. కోడిమాంసము తినినయెడల వ్యాధి వచ్చునని ఎవరో చెప్పగా ఊళ్లన్నియు నమ్మెను. ఆ నెలాఖరున మంత్రులు హైదరాబాదులో వేదికనెక్కి జనుల యెదుట కోడికూర తిని చూపవలసివచ్చెను. ఇప్పుడు తలంచుకొన్న మనకు నవ్వు వచ్చును గాని, అప్పుచేసి కోళ్లఫారము పెట్టుకొన్న రైతునకు ఆ దినమున నవ్వు రాలేదు.

అదే ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో జరిగిన సంగతి ఇంతకంటె బరువైనది. ఒక నడివయస్సు మనుష్యుడు జ్వరముతో ఆసుపత్రికి పోగా వైద్యులు మందులిచ్చి పంపిరి. చైనా దేశపు రోగుల దృశ్యములు ఫోనులో చూచి చూచి, తనకు వచ్చినది ఆ వ్యాధియేనని అతడు నిశ్చయించుకొనెను. భార్యాబిడ్డలను దగ్గరకు రానీయలేదు. ఊరివారిని దూరముగా పొమ్మని హెచ్చరించెను. తనవలన వారికెవరికిని హాని కలుగరాదని తలంచి, కడకు తన ప్రాణము తానే తీసికొనెను. ఆ దినమునకు ఆంధ్రప్రదేశ్ అంతటిలో కరోనా రోగి ఒక్కడైనను కనబడియుండలేదు.

చదువరీ, ఇతని భయమును స్వార్థమని మీరు అనగలరా? నేననలేను. భయపడువాడు తన్నుగూర్చియే భయపడునని మనము సాధారణముగా చెప్పుదుము. ఇతడు తన్నుగూర్చి గాక తనవారినిగూర్చి భయపడెను. అతనికి ప్రేమ కొదువగా లేదు, నిజము చెప్పువాడు కొదువయ్యెను. సంఘపెద్దయో, బైబిలు స్త్రీయో, ఆశా కార్యకర్తయో, తెలిసినవారెవరైనను కొంచెము ఎడముగానే కూర్చుండి, ఆ ఫోను ప్రక్కన పెట్టించి, అయ్యా, రేపు మరల డాక్టరుగారిని అడుగుదము, నేను వెంట వత్తునని చెప్పినయెడల ఏమగునో! గెత్సేమనే తోటలో ప్రభువు సహితము మిగుల కలవరపడి, ముగ్గురు శిష్యులను దగ్గరనుండుమని అడిగెను గదా. భయపడుట పాపమనువారు ఆ తోటను ఒకసారి జ్ఞాపకము చేసికొనవలెను. భయపడువానిని ఒంటరిగా విడిచి నిద్రించుటయే అక్కడ గద్దింపబడిన సంగతి.

పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞను మనము కోర్టు వ్యవహారమని తలంచుచుందుము. ఆ మార్చి నెలాఖరున అది మన అరచేతిలోనికి వచ్చెను. డిల్లీలో జరిగిన ఒక ముస్లిము మతసభకు వెళ్లి వచ్చినవారిలో అనేకులకు వ్యాధి సోకినమాట నిజమే. ఆ ఒక్క నిజమును పట్టుకొని, తోపుడుబండిమీద పండ్లమ్ముకొను ముస్లిములను సైతము వీధిలోనికి రావద్దని తరిమినవారు కలరు. వారికి డిల్లీతో ఏమి సంబంధము? చూడక, విచారింపక ఆ వార్తలను పదిమందికి పంపినవారిలో ఆదివారము ఆరాధనకు వచ్చువారు లేరని మనము ప్రమాణము చేయగలమా?

మన కూడికలకు వ్యాధి దారి తప్పలేదు గదా. అమెరికాలో వాషింగ్టను రాష్ట్రమున మౌంట్ వెర్నన్ అను ఊరిలో 2020 మార్చి 10న ఒక గాయకబృందమువారు 61 మంది చర్చి మందిరములో పాటల అభ్యాసమునకు కూడుకొనిరి. కూడరాదను ఆజ్ఞ అప్పటికి అక్కడ లేదు. వారు జాగ్రత్త లేనివారు కారు. చేతులు శుభ్రము చేసికొనిరి, కరచాలనము మానిరి. ఒకరికి మాత్రము కొద్దిపాటి జలుబువంటిది ఉండెను. రెండున్నర గంటలు కలిసి పాడిరి. పిమ్మట లెక్క చూడగా, వ్యాధి సోకినట్లు తేలినవారును, సోకియుండునని వైద్యులు ఎంచినవారును కలిసి 53 మందియైరి. ఇద్దరు మృతిపొందిరి. పాడునప్పుడు నోటినుండి వచ్చు మిక్కిలి సన్నని తుంపరలు మూసియున్న గదిలో గాలియందు నిలిచియుండునని ఇప్పుడు అందరికిని తెలియును. కనుక 2020 ఏప్రిల్ 12న పునరుత్థాన పండుగనాడు మన మందిరములకు తాళము వేసియుండుట అవిశ్వాసమని యెవరైన అనినయెడల, ఆ పాట పాడిన స్వరములను వారికి జ్ఞాపకము చేయుడి. ముందు బల్లమీద కూర్చుండు ముసలమ్మ శ్వాసను కాపాడుటకు పాట ఆపుటయు ఆరాధనలో చేరినదే.

ఇక ముళ్లకంప సంగతి. మార్చి 25 నుండి దేశమంతయు లాక్‌డౌనులో నుండగా, అనేక గ్రామములవారు దారికి అడ్డముగా ముళ్లకంపయు, బండరాళ్లును వేసి కావలి కూర్చుండిరి. వారిని ఎగతాళి చేయుట పట్టణపువారికి సులభము. డాక్టరు లేని ఊరు, పెద్దాసుపత్రికి పోవలెననిన మూడు బస్సులు మారవలెను, ఇంటింట ముసలివారు. కంప వేయక మరేమి చేయుదురు? అయితే కంపకు ఆవలిప్రక్క నిలిచినది ఎవరు? ఆ ఊరి బిడ్డలే. హైదరాబాదులో హాస్టళ్లు ఖాళీచేయుమనగా పోలీసువారి పత్రములు చేతపట్టుకొని బయలుదేరిన యువతీయువకులు గరికపాడువద్ద రాష్ట్ర సరిహద్దున గంటల తరబడి రోడ్డుమీద నిలిచిరి. ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేలకొలదిగా గుజరాతులోని వేరావలు రేవులో పడవలయందే చిక్కుకొని, ఏప్రిల్ నెలాఖరున గాని బస్సులెక్కలేకపోయిరి. వారు పంపిన డబ్బుతో కట్టిన యిండ్లవారే, ఇప్పుడు రావద్దు నాయనా అని ఫోనులో చెప్పవలసివచ్చెను. అట్లు చెప్పిన తల్లులు రాత్రి అన్నము తినియుండరు.

లేవీయకాండము 13, 14 అధ్యాయములను మనము ఆరాధనలో అరుదుగా చదువుదుము. మచ్చలు, పొక్కులు అని విసుగుకొని దాటిపోవుదుము. ఒకసారి తెరచి చూడుడి. అనుమానముగల వానిని ఏడు దినములు వేరుగా ఉంచవలెను. తేలనియెడల మరి యేడు దినములు. అనగా పదునాలుగు దినములే! (ఇది చూచి మన సంఘములలో కొందరు ఆశ్చర్యపడిరి. దీనినుండియే డాక్టర్లు నేర్చుకొనిరని మాత్రము చెప్పకుడి, అట్లు కాదు.) నాకు ముఖ్యముగా కనబడునది వేరొకటి. పాళెము వెలుపలనున్నవాడు బాగుపడెనో లేదో తెలిసికొనుటకు యాజకుడు తానే పాళెము వెలుపలికి వెళ్లవలెను. హద్దు గీయుమనిన ధర్మశాస్త్రమే ఆ హద్దు దాటి వెళ్లువానిని కూడ నియమించినది. మన ఊళ్లలో కంప వేయుటకు యువకులు కొదువలేదు. కంప ఆవల బడిలో పడుకొనియున్నవానికి పూటపూట సద్దిమూట తీసికొనిపోయి, ఎడముగానుంచి, పేరుపెట్టి పిలిచి, జ్వరమెట్లున్నదని అడుగుటకు ఎవరు నియమింపబడిరి? కొన్ని ఊళ్లలో ఆశా కార్యకర్తలే మాస్కు కట్టుకొని ఎండలో నడచిరి. మనము చేయవలసిన పని చాలవరకు వారు చేసిరి.

1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గు పట్టణమునకు తెగులు వచ్చినప్పుడు విశ్వవిద్యాలయమే ఊరు విడిచిపోయెను. వెళ్లుమని పాలకుడు చెప్పినను మార్టిన్ లూథరు వెళ్లలేదు. అప్పుడు భార్య గర్భవతి, ఇల్లు రోగులతో నిండెను. తెగులునకు పారిపోవచ్చునా అని బ్రెస్లౌ పట్టణపు బోధకులు అడుగగా అతడు ఒక పెద్ద ఉత్తరము వ్రాసెను. పారిపోవువారినందరిని అతడు దూషింపలేదు. ఎవరికిని బాధ్యుడు కానివాడు వెళ్లవచ్చుననెను. మందు పుచ్చుకొనక దేవుని శోధించువారిని గట్టిగా మందలించెను. పనిలేనిచోటికి పోయి ఇతరులకు అంటింపరాదు గాని, పొరుగువానికి తన అవసరము కలిగినప్పుడు వెళ్లక మానరాదని అతని అభిప్రాయము. ధైర్యమని మనము మెచ్చుకొనునది కొన్నిసార్లు మొండితనమేయని ఆ యుత్తరమునుబట్టి నాకు తోచుచున్నది.

మృతుల విషయములోనైతే మన భయమునకు ఏ సాకును లేదు. 2020 ఏప్రిల్ 13న నెల్లూరునకు చెందిన ఒక వైద్యుడు చెన్నైలో మరణింపగా అతని దహనమునకు అడ్డుచెప్పిరి. ఆరు దినములకు అదే పట్టణములో, రోగులను చూచుచు వ్యాధి తగిలిన మరియొక శస్త్రవైద్యుడు మృతిపొందెను. అతడు క్రైస్తవుడు. కీల్పాకు శ్మశానవాటికలో పాతిపెట్టనీయలేదు. వేలంగాడునకు తీసికొనిపోగా జనులు రాళ్లతోను కర్రలతోను వచ్చిరి. అంబులెన్సు అద్దములు పగిలెను, దానిని నడపువారు గాయపడిరి. జాగ్రత్తగా చుట్టి, లోతుగా పాతిన శరీరమునుండి ఇరుగుపొరుగు వీధులకు వ్యాధి రాదని అధికారులు ముందుగనే చెప్పియుండిరి. శవపేటికతో వచ్చినవారు చెదరిపోయిరి. అప్పుడతని స్నేహితుడైన ఒక డాక్టరు, ఆసుపత్రి పనివారిని ఇద్దరిని తోడు తీసికొని, తానే ఆ పగిలిన బండి నడుపుకొనుచు పోలీసుల కాపుదలలో అక్కడికి తిరిగివచ్చెను. గుంట పూడ్చువారు లేరు. ఆ ముగ్గురే ఆ రాత్రి మన్ను కప్పిరి.