పేరున్నవాళ్ళకు బాధ్యత ఉందా?

ఈ సంవత్సరం మా పదో తరగతిలో తెలుగు అయ్యవారు ఒక చర్చ పెట్టినారు. "సినిమా నటులు, ఆటగాళ్ళు లాంటి పేరున్నవాళ్ళు అందరికీ ఆదర్శంగా ఉండి తీరాలా?" అన్నది విషయం. సగం మంది ఉండాలని, సగం మంది అక్కర్లేదని మాట్లాడాలి. చీటీలు వేస్తే నాకు "ఉండాలి" అనే పక్షం వచ్చింది.

మాది హోసూరు. ఊరు తమిళనాడులో ఉన్నా ఒక పక్క కర్ణాటక, కొంచెం దూరం పోతే ఆంధ్ర. అందుకే మా ఊళ్ళో హీరోలకు కొదవ లేదు. మా క్లాసులోనే తెలుగు హీరోల అభిమానులు, తమిళ హీరోల అభిమానులు, కన్నడ హీరోల అభిమానులు ముగ్గురూ ఉన్నారు. హీరోల మీద మాట పడితే ఎవరూ ఊరుకోరు. కాబట్టి ఆ రోజు చర్చ బాగా వేడిగా జరిగింది.

నేను మొదట పుల్లెల గోపీచంద్ గారి గురించి చెప్పినాను. ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచినారు. ప్రకాష్ పదుకొనే తర్వాత దాన్ని గెలిచిన రెండో భారతీయుడు ఆయనే. అంత పేరు వచ్చిన సమయంలో ఒక కూల్ డ్రింక్ కంపెనీ తమ ప్రకటనలో నటించమని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. తను తాగని దాన్ని పిల్లలను తాగమని ఎట్లా చెప్పేది అన్నది ఆయన ఆలోచన. తర్వాత పునీత్ రాజ్‌కుమార్ గారి గురించి చెప్పినాను. 2021 అక్టోబరు 29న ఆయన చనిపోయినప్పుడు ఆయన కళ్ళను దానం చేసినారు. 2006లో వాళ్ళ నాన్న రాజ్‌కుమార్ గారి కళ్ళను కూడా అట్లనే దానం చేసినారు. పునీత్ గారిని చూసి కర్ణాటకలో ఎంతో మంది నేత్రదానానికి పేర్లు రాయించుకున్నారు. "ఒక్క మనిషి చేసిన పనికి అంత మంది కదిలినారంటే, పేరున్నవాళ్ళు మంచిగా ఉండటం వాళ్ళ ఇష్టం కాదు, బాధ్యత" అని ముగించినాను. అందరూ చప్పట్లు కొట్టినారు.

అవతలి పక్షం వాళ్ళు కూడా తక్కువేమీ కాదు. చార్లెస్ బార్క్‌లీ అనే అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు 1993లో ఒక ప్రకటనలో తను ఎవరికీ ఆదర్శం కాదని, పిల్లలకు ఆదర్శంగా ఉండాల్సింది తల్లిదండ్రులేనని తేల్చి చెప్పినాడట. "బంతి బాగా ఆడతాడని మనం ఆయన్ను చూస్తాం. అంతవరకే. మంచి నడవడిక నేర్పమని ఆయనకు ఎవరైనా జీతం ఇచ్చినారా?" అని మా స్నేహితురాలు అడిగింది. నేను వెంటనే లేచి, "ఆ మాట ఆయన చెప్పింది బూట్ల ప్రకటనలోనే కదా! నన్ను చూసి నేర్చుకోవద్దు, నన్ను చూసి బూట్లు మాత్రం కొనుక్కోండి అన్నట్టు ఉంది" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ రోజు మా పక్షమే గెలిచింది.

ఇంటికి వచ్చి సంతోషంగా మా మామకు ఇదంతా చెప్పినాను. మామకే ఎందుకు చెప్పినానంటే దానికి ఒక కారణం ఉంది.

మా మామ లారీ డ్రైవరు. రాత్రి బండి నడిపేటప్పుడు నిద్ర రాకూడదని పాన్ మసాలా, పొగాకు కలిపి వేసుకోవడం మొదలుపెట్టినాడు. అది పదిహేను సంవత్సరాల అలవాటు అయ్యింది. మూడు సంవత్సరాల కింద, కారం తింటే నోరు మండుతోంది అన్నాడు. తర్వాత నోరు తెరవడమే కష్టమయ్యింది. బెంగళూరులో చూపిస్తే డాక్టరు మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించి, మామూలు మనిషి నోట్లో ఇవి నిలువుగా పట్టాలి అన్నాడట. మామకు ఒక్క వేలు పట్టడమే కష్టం. చెంపల లోపలి చర్మం గట్టిపడి పోయింది. దీనికి ముఖ్య కారణం వక్క అని, పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే చాలునని, ఆపకపోతే క్యాన్సరు కూడా రావచ్చునని చెప్పినారు. మామ ఆపేసినాడు. కానీ గట్టిపడిన నోరు మళ్ళీ మెత్తబడలేదు. ఇప్పుడు రాగి ముద్దను కూడా పప్పునీళ్ళలో పలచగా కలిపి స్పూనుతో తింటాడు. పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చోడు.

అందుకే, ఇలాంటి వాటి ప్రకటనల్లో కనిపించే హీరోలను నేను గట్టిగా తిడితే మామ సంతోషపడతాడని అనుకున్నాను. మామ అంతా విని, "ఆయప్ప వచ్చి నా నోట్లో ఏసినాడా పాపా? నేనే కదా ఏసుకొన్నది" అన్నాడు. కొంచెం సేపు ఆగి నవ్వుతా, "అయినా అంగడి నుంచి తెచ్చిచ్చింది నువ్వే కదా" అన్నాడు.

మామ తమాషాకే అన్నాడు. కానీ అది నిజం. నాకు ఏడెనిమిది ఏళ్ళప్పుడు మామ డబ్బులిచ్చి పంపితే మూల అంగడికి పోయి ఆ ప్యాకెట్లు తెచ్చేదాన్ని. మిగిలిన చిల్లర నాకే. దానికి ఒక చాక్లెట్ వచ్చేది. ఆ చాక్లెట్ కోసం, మామ అడగక ముందే "తెచ్చిచ్చేదా మామా?" అని నేనే అడిగిన రోజులు కూడా ఉన్నాయి.

ఆ రాత్రి నాకు చాలా సేపు నిద్ర పట్టలేదు. క్లాసులో గెలిచిన నా వాదన అంతా నా మీదికే తిరిగినట్టు అనిపించింది. హీరోకు కోట్లు, నాకు చాక్లెట్. డబ్బులో తేడా ఉంది. చేసిన పనిలో తేడా ఉందా? ఆయన దూరం నుంచి చూపించినాడు, నేను దగ్గరికి తెచ్చి చేతిలో పెట్టినాను.

బాగా ఆలోచిస్తే ఒక తేడా కనిపించింది. నాకు తెలియదు, ఆయనకు తెలుసు. పద్దెనిమిది ఏళ్ళు నిండని వాళ్ళకు పొగాకు అమ్మకూడదని 2003 చట్టంలో ఉన్నట్టు నాకు ఈ మధ్యనే తెలిసింది. ఆ వయసులో ఆ ప్యాకెట్ ఏమి చేస్తుందో నాకు తెలియదు. కానీ పెద్ద నటులకు చదువు ఉంది, సలహా చెప్పేవాళ్ళు ఉన్నారు, ఒప్పందం చదివి చెప్పే లాయర్లు ఉన్నారు. బాధ్యత అనేది పేరుతో పాటు వస్తుందో లేదో గానీ, తెలివిడితో పాటు మాత్రం తప్పకుండా వస్తుంది. అంటే, ఇప్పుడు తెలిసిన తర్వాత నాకు కూడా వచ్చినట్టే.

అప్పటి నుంచి ఈ ప్రశ్నను మూడు ముక్కలుగా చూడాలని నాకు అనిపిస్తోంది. ఒకటి, వాళ్ళ కళ. రెండు, వాళ్ళ సొంత జీవితం. మూడు, వాళ్ళు మనకు ఏదైనా కొనమని చెప్పడం.

కళలో దొంగ వేషం వేసినవాడు దొంగ కాడు. కథలో చెడ్డవాడు లేకపోతే మంచివాడు ఎట్లా తెలుస్తాడు? సినిమాలో పొగ తాగే సీను వస్తే తెర మీద హెచ్చరిక వేయాలని 2012 నుంచి నిబంధన ఉంది. అది కథ అని చూసేవాళ్ళకు తెలుసు.

సొంత జీవితంలో వాళ్ళూ మనలాంటి మనుషులే. తప్పులు చేస్తారు. పొగ, మద్యం అలవాట్ల నుంచి తనను మార్చింది తన భార్యేనని రజనీకాంత్ గారు 2023లో ఒక సభలో అందరి ముందు చెప్పినారు. అది విన్న తర్వాత ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు, పెరిగింది. తప్పే చేయకూడదని మనం అడిగితే వాళ్ళు దాచిపెట్టడం నేర్చుకుంటారు. దానివల్ల ఎవరికీ మేలు లేదు.

మూడోది మాత్రం వేరు. ప్రకటనలో హీరో వేషం వేయడు. తన సొంత ముఖంతో, సొంత పేరుతో వస్తాడు. కంపెనీ ఆయనకు కోట్లు ఇచ్చేది నటనకు కాదు. మనకు ఆయన మీద ఉన్న నమ్మకానికి. ఆ నమ్మకం మనది. మన నగను ఇంకొకరు తాకట్టు పెట్టి డబ్బు తీసుకుంటే ఊరుకుంటామా? మన నమ్మకాన్ని తాకట్టు పెడితే మాత్రం ఈల వేస్తాం!

ఇది నా ఒక్కదాని మాట కాదు. మా సాంఘికశాస్త్రం టీచరమ్మను అడిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం గురించి చెప్పినారు. జనాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటిస్తే, నటించినవాళ్ళకు కూడా 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చునట. ప్రకటనలో చెప్పింది నిజమా కాదా అని ముందే సరిగ్గా విచారించుకుని ఉంటే శిక్ష లేదు. అంటే చట్టం కూడా వాళ్ళను దేవుళ్ళలా ఉండమని అడగడం లేదు. నోరు తెరిచే ముందు కనుక్కోమని మాత్రం అడుగుతోంది.

కానీ చట్టానికి కూడా చిక్కు ఉంది. పొగాకు ప్రకటనలు నిషేధం కాబట్టి, కొన్ని కంపెనీలు అదే పేరుతో ఏలకులు అమ్ముతున్నట్టు ప్రకటన వేస్తాయి. చూసేవాళ్ళకు గుర్తొచ్చేది ఏలకులు కాదు. 2022 ఏప్రిల్‌లో హిందీ నటుడు అక్షయ్ కుమార్ అలాంటి ప్రకటనలో కనిపిస్తే అభిమానులే గట్టిగా అడిగినారు. ఆయన క్షమాపణ చెప్పి తప్పుకుంటానని ప్రకటించినారు. అడిగింది ప్రభుత్వం కాదు, కోర్టు కాదు, అభిమానులు. దీన్ని బట్టి అభిమానుల పని పాలాభిషేకాలు చేయడమే కాదని నాకు అర్థమయ్యింది.

ఇంక చివరిగా ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన నెల మా తమ్ముడు టీవీ ముందు కూర్చుని బొరుగులు తింటా ఉన్నాడు. వాడికి ఏడేళ్ళు. ప్రకటనలో హీరో తల పైకెత్తి నోట్లో వేసుకున్నట్టే వీడు కూడా బొరుగులు పైకి ఎగరేసి నోట్లో వేసుకుంటా, "చూడు మామా, అట్లనే ఉందా?" అన్నాడు. హీరో తప్పేమీ లేదన్న మా మామ ఏమీ మాట్లాడలేదు. లేచి టీవీ కట్టేసినాడు. తర్వాత తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, "నీ మూడు వేళ్ళు నీ నోట్లో పెట్టుకో. పట్టినాయా? ఇప్పుడు నా నోరు చూడు" అని తెరిచి చూపించినాడు. తమ్ముడు చాలా సేపు చూసినాడు. "నొప్పి పుడతాదా మామా?" అని అడిగినాడు.

మామకు పేరు లేదు, పోస్టరు లేదు. తప్పు చేసినవాడే. కానీ ఆ రోజు మా ఇంట్లో ఆదర్శంగా నిలబడింది మామ. తన తప్పును దాచకుండా ఒక పిల్లవాడికి చూపించినాడు.

చర్చ మళ్ళీ పెడితే నేను ఏ పక్షం తీసుకుంటానో ఇప్పుడు చెప్పగలను. పేరున్నవాళ్ళు తప్పులేని మనుషులుగా ఉండాలని నేను అడగను. తమ ఇంట్లో పిల్లలకు ఇవ్వని దాన్ని మా ఇంట్లో పిల్లలకు చూపించవద్దని మాత్రం అడుగుతాను. అది అడిగే ముందు, చాక్లెట్ కోసం అంగడికి పరిగెత్తిన నా కాళ్ళను కూడా గుర్తు పెట్టుకుంటాను.