గుడారపు ద్వారమునొద్ద ఐదుగురు అక్కచెల్లెండ్రు

ధ్యానభాగము: సంఖ్యాకాండము 27:1–11, యెహోషువ 17:3–4



ఇశ్రాయేలీయులు వాగ్దానదేశములో ప్రవేశింపకముందు మోయాబు మైదానములలో దిగియుండగా జనసంఖ్య వ్రాయబడెను. ఆ లెక్కలోని పేళ్లనుబట్టియే భూమి పంచిపెట్టవలెనని ఆజ్ఞ. మనష్షే గోత్రికుడైన సెలోపెహాదు అరణ్యములోనే చనిపోయెను. అతనికి కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురు కుమార్తెలు మాత్రముండిరి. లెక్క పురుషులదే గనుక ఆ యింటికి కాలు మోపుటకైనను చోటు లేకపోవు స్థితి కలిగెను.

వారేమి చేసిరి? గుడారములో కూర్చుండి ఏడ్చుచు ఉండలేదు. ఒక్కొక్కతె చాటుగా పెద్దలను బ్రతిమాలుకొనలేదు. ఐదుగురును కలిసి ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుటను, యాజకుని యెదుటను, ప్రధానుల యెదుటను, సర్వసమాజము యెదుటను నిలిచి తమ మనవి చెప్పుకొనిరి.

తమ తండ్రి కోరహు సమూహములో చేరినవాడు కాడని వారు చెప్పిన మాట గమనింపుడి. కోరహు కూడ జనులను కూర్చెను. అయితే కోరహు కోరినది పదవి. వీరు కోరినది నివాసము. పదిమంది కలిసి అధికారులను అడుగుట సణుగుట యనియు, నోరు మూసికొని భరించుటయే భక్తి యనియు మనలో అనేకులు తలంచుచున్నారు. మోషే ఆలాగు తలంపలేదు. వారిని గద్దింపక, వారి సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. దేవుడు వారి మనవిని న్యాయమైనదిగా ఎంచి, దానినిబట్టి ఇశ్రాయేలంతటికిని ఒక కట్టడ నియమించెను.

రెడ్డిగూడెములోను చుట్టుపట్ల పల్లెలలోను ఉన్న మనకు ఈ సంగతి యేల? మన పిల్లలు, మన బంధువులు తాపీపనికిని, కూలికిని, ఇండ్లలో పనికిని బెజవాడకును హైదరాబాదుకును పోవుచున్నారు. కాలువగట్టునను కొండవాలునను చిన్న గదిలో అద్దెకుండి బ్రదుకువారు వారిలో ఎందరో. నగరము పెరిగినకొలది ఆ చోటే రోడ్డుకును తోటకును కావలసివచ్చును. కాలువ బాగుచేయవద్దని మనము చెప్పము. అక్కడి మనుష్యులు ఏమగుదురని అడుగుదుము.

2024 సెప్టెంబరులో హైదరాబాదునందు మూసీనది అభివృద్ధి నిమిత్తము అధికారులు నదిలోపలి ఇండ్లను లెక్కించి ఎర్రరంగుతో గుర్తులు వేసిరి. కొందరు ప్రభుత్వమిచ్చిన రెండు పడకగదుల ఇండ్లకు వెళ్లిరి. అనేకచోట్ల స్త్రీలు వీధిలోనికి వచ్చి అధికారులను ప్రశ్నించిరి. కొందరు హైకోర్టును ఆశ్రయించిరి. ఇట్టి లెక్కలలో అద్దెకున్నవాడు తప్పిపోవుట సులభము. ఇంటి కాగితము యజమాని పేరనే ఉండును గదా.

అంతకుముందు బొంబాయిలో, 1981 జూలైలో, కాలిబాటలమీద గుడిసెలు వేసికొన్నవారిని వెళ్లగొట్టుట ఆరంభమాయెను. ఓల్గా టెల్లిస్ అను పత్రికా విలేఖరియు, కాలిబాటవాసులును సుప్రీంకోర్టుకు మొరపెట్టిరి. 1985 జూలై 10న తీర్పు వచ్చెను. జీవించు హక్కులో జీవనోపాధి హక్కును ఇమిడియున్నదనియు, ముందు తెలియజేసి వారి మాట వినకుండ తొలగించుట తగదనియు, 1976 లెక్కలో చీటీలు పొందినవారికి వేరుచోటు చూపవలెననియు, వానలు వెలిసి అక్టోబరు 31 వరకు కదలింపరాదనియు న్యాయమూర్తులు చెప్పిరి. అయినను కాలిబాటమీద ఉండుటకు హక్కున్నదని వారు చెప్పలేదు. కాబట్టి ఆ లెక్కలో పేరు లేనివాడు వానల తరువాత ఎక్కడికి పోవలెను? సెలోపెహాదు కుమార్తెల ప్రశ్నయే ఇది.

మరియొక సంగతి. దేవుడు ఆజ్ఞ ఇచ్చిన తరువాతను ఆ స్త్రీల చేతికి భూమి తనంతట తాను రాలేదు. మోషే గతించెను, కాలము మారెను. పంపకపు దినమున వారు మరల కలిసి యెహోషువ యెదుట నిలిచి, ఆ ఆజ్ఞను జ్ఞాపకము చేసి, తమ స్వాస్థ్యము పొందిరి. న్యాయము ఒకసారి పలుకబడినంత మాత్రమున చాలదు. దాని నెరవేర్పును అడుగువారు ఉండవలెను.

కావున ప్రియులారా, పట్టణములోని మీవారికి ఈ మాటలు చెప్పుడి. అద్దె రసీదు, రేషను కార్డు, కరెంటు బిల్లు పారవేయక దాచుకొనుడి. లెక్క వ్రాయువారు వచ్చినప్పుడు ఇంటిలో ఉండుడి. వీధివారందరు కలిసి ఒకే అర్జీ వ్రాసి దాని నకలు ఉంచుకొనుడి. 1987 నాటి న్యాయసేవల చట్టముక్రింద స్త్రీలకు, వారి ఆదాయమెంతయైనను, ఉచితముగా వకీలు సహాయము దొరకును. దొంగ పేళ్లు వ్రాయింపవద్దు, లంచమియ్యవద్దు, రాయి ఎత్తవద్దు. మన మనవి శుభ్రమైనదిగా ఉండవలెను.

పట్టణములో ఇల్లు కట్టి అద్దెకిచ్చిన విశ్వాసులారా, మీకును ఒక మాట. మీ గదిలో ఉన్నవానికి రసీదు ఇచ్చుచున్నారా? ఆ చిన్న కాగితము లేక ఒక కుటుంబము లెక్క తప్పిపోయినయెడల, దేవునియెదుట ఏమి చెప్పుదుము?

మన ప్రభువునకు ఈ లోకములో తల వాల్చుకొనుటకు స్థలము లేకపోయెను. ఆయన తన తండ్రి యింట మనకు స్థలము సిద్ధపరచుచున్నాడు. అట్టి నిరీక్షణగలవారు పొరుగువాని గుడిసె కూలుచుండగా ఊరకుండరాదు.

ప్రార్థన: తండ్రీ, ఆ ఐదుగురి మొర ఆలకించినవాడా, లెక్కలో లేనివారిని నీవు లెక్కించుము. కలిసి నిలుచుటకు మాకు ధైర్యమును, న్యాయముగా అడుగుటకు శుద్ధహృదయమును, అధికారులకు మోషేవంటి చెవిని దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.