గురువారం సాయంత్రం

ప్రతి జనవరి ఒకటో తారీకున నేను బైబిలు మొదటినుంచీ మొదలుపెడతాను. రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదివితే ఏడాదికి మొత్తం పూర్తవుతుందిట. ఆదికాండము హాయిగా సాగిపోతుంది. అందులో ఉన్న అక్కచెల్లెళ్ళ పోట్లు, అన్నదమ్ముల అసూయలు ఏ సీరియల్లోనూ ఉండవు. నిర్గమకాండము సగం దాకా పరుగే పరుగు. ఫిబ్రవరి వచ్చేసరికి లేవీయకాండములో బలిపశువుల కొవ్వు దగ్గర చతికిలబడతాను. ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు. నా బైబిల్లో మొదటి వంద కాగితాలు నలిగిపోయాయి గానీ, ఆ తర్వాతవి కొన్నప్పటిలాగే తళతళలాడుతున్నాయి.

మానేసినందుకు నా దగ్గర సాకు లేకపోలేదు. మనసు లేనప్పుడు చదివితే అది వేషం కాదూ? వీధి మూలల్లో నిలబడి నలుగురూ చూసేలా ప్రార్థించేవాళ్ళని ప్రభువే ఆక్షేపించాడు కదా! ఆ మాట మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. (అక్కడిదాకా వరసలో వెళ్ళి చదివింది కాదులెండి, చర్చిలో విన్నది.)

ఈ వాదన నాకు మొదట తట్టింది మా నాన్న పోయిన రోజున. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. ఆ రోజు సాయంత్రమే భూస్థాపన అయింది. చుట్టాలు వరండాలో తలో మూలా ఒరిగారు. గోడగడియారం ఎనిమిది కొట్టింది. అమ్మ లేచి, రోజూ పరిచే చోటనే చాప పరిచింది. కూర్చుని కీర్తన ఎత్తుకుంది. గొంతు పెగల్లేదు. మళ్ళీ ఎత్తుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈవిడకి గుండె ఉన్నచోట గడియారం ఉందేమో అనుకున్నాను. ఆ రాత్రి నేను చాప మీదకు వెళ్ళలేదు.

చాలా ఏళ్ళ తర్వాత సుసన్నా వెస్లీ గురించి చదువుతుంటే ఆ చాప గుర్తొచ్చింది. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఊళ్ళో పాదిరిగారి భార్య ఆవిడ. 1669లో పుట్టి 1742లో పోయింది. 19 మందిని కంటే తొమ్మండుగురు పసితనంలోనే పోయారు. మొగుడు అప్పుల కింద 1705లో జైలుకి కూడా వెళ్ళాడు. 1709లో ఇల్లు కాలిపోయింది. అయిదేళ్ళ కొడుకు జాన్‌ని మేడ కిటికీలోంచి చివరి నిమిషంలో దింపారు. అంత గోలలో ప్రార్థనకి చోటెక్కడిది? ఏప్రన్ ఎత్తి తలమీదుగా కప్పుకుని కూర్చునేదిట. అమ్మ ఏప్రన్ కింద ఉంటే పిల్లలు కదిలించకూడదని అర్థం అని చెబుతారు. మనకైతే కొంగు ఉంది.

ఆవిడకు ఒక పుస్తకం దొరికింది. తమిళదేశంలో తరంగంబాడికి వచ్చిన డెన్మార్కు మిషనరీల కథ అది. వాళ్ళు అంతదూరం వెళ్ళి పనిచేస్తుంటే ఇంట్లో ఉన్న నేనేం చేస్తున్నానని బాధపడి, తన పిల్లలకు వారాలు పంచింది. రోజూ సాయంత్రం ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడటం. గురువారం జాన్‌ది. ఇంట్లో పిలుపు జాకీ.

ఆవిడ చేసిందంతా నాకు నచ్చిందని కాదు. ఏడాది నిండేసరికే పిల్లలకి బెత్తం భయం పెట్టి, గట్టిగా ఏడవకుండా నేర్పానని ఆవిడే రాసుకుంది. అది చదివి పుస్తకం మూసేశాను. క్రమశిక్షణ అనే మాటకి ఆ ముఖం కూడా ఉంది. మనిళ్ళలోనూ చూశాం.

గురువారం సంగతి మాత్రం వదల్లేదు నన్ను. ముప్పయ్యేళ్ళకు దగ్గరపడి, ఆక్స్‌ఫర్డులో పాఠాలు చెబుతున్న జాన్ తల్లికి ఉత్తరం రాస్తూ, చిన్నప్పుడు నాకిచ్చిన ఆ గురువారం సాయంత్రంలో కాస్త ఇప్పుడూ నాకోసం ఉంచమని అడిగాడు. ఆక్స్‌ఫర్డులో అతన్నీ స్నేహితుల్నీ చూసి, అన్నీ వేళ ప్రకారం చేసే పద్ధతిగాళ్ళని వెక్కిరిస్తూ మెథడిస్టులని పేరు పెట్టారు. ఆ వెక్కిరింతే తర్వాత సంఘం పేరయింది. మన మెదక్‌లో పెద్ద చర్చి కట్టించినదీ ఆ సంఘంవాళ్ళే.

ఆలోచించండి. అన్ని గురువారాలూ ఆ తల్లికి మనసు బాగుండి ఉంటుందా? ఒక గురువారం తలనొప్పి, ఒక గురువారం అప్పులవాడు గుమ్మంలో. కూర్చోవడమే గొప్పయిన రోజులుంటాయి. అయినా కొడుక్కి గుర్తున్నది గురువారం తనదని. పైగా వేషం అనేది చూసేవాళ్ళకోసం వేస్తాం. తలమీద ఏప్రన్ కప్పుకున్న మనిషి ఎవరికోసం వేస్తుంది?

ఇదంతా తట్టాక ఒకసారి అమ్మనే అడిగేశాను, “ఆ రాత్రి ఎలా కూర్చోగలిగావమ్మా?” అని.

చిక్కుళ్ళు ఒలుస్తున్నదల్లా తలెత్తింది. “ఇంకెక్కడ కూర్చోమంటావే?” అంది. మళ్ళీ చిక్కుళ్ళలో పడిపోయింది.

ఇప్పుడు అమ్మ లేదు. చాప నా దగ్గరుంది, ఒక అంచు ఊడిపోయింది. ఈ ఏడాది మూడు నాలుగు అధ్యాయాల జోలికి పోలేదు. పొద్దున్నే పప్పు పొయ్యిమీద పడేసి, అది ఉడికేలోగా ఒక్క అధ్యాయం. తప్పిన రోజులు తప్పాయి, వాటికి వడ్డీ కట్టడం లేదు. ఈ లెక్కన లేవీయకాండము మే నెలలో వచ్చింది. నిన్న పదమూడో అధ్యాయం, కుష్ఠు మచ్చల పరీక్ష, 59 వచనాలు. ఒక్క ముక్క తలకెక్కలేదు. పప్పు అడుగంటింది.

ఇవాళ పద్నాలుగోది. పప్పు ముందే దించేశాను.