ఎవరి నక్షత్రాలు?

గ్రూప్స్ కోచింగ్ కోసం అశోక్‌నగర్‌లో కొత్తగా దిగినవాళ్లు చాలామంది ముందు గూగుల్ మ్యాప్స్ తెరుస్తారు. రేటింగ్ నాలుగున్నర దాటితే నమ్మకం, మూడున్నరైతే అనుమానం. నారాయణగూడలో టిఫిన్ ఎక్కడ తినాలో కూడా మనం అలాగే తేల్చుకుంటాం. రెండుచోట్లా కనిపించేవి ఒకే నక్షత్రాలు. కానీ రెండూ ఒకే మాట చెప్తున్నాయా అన్నది నా సందేహం.

ఇడ్లీ సంగతి తేలిక. తిన్నవాడు తిన్న వెంటనే చెప్తాడు. అది తప్పైనా పోయేది వంద రూపాయలు. కోచింగ్ ఫలితం తేలడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. చేరిన వారానికే ఐదు నక్షత్రాలిచ్చినవాడు తన ఆశ చెప్పాడంతే. ఉద్యోగం వచ్చినవాడు ఫ్లెక్సీ మీద ఫోటో అవుతాడు. రానివాడు హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్లిపోతాడు, సాధారణంగా ఏమీ రాయడు. ఓడిపోయానని పదిమందిలో చెప్పుకోవడం ఎవరికిష్టం? అంటే మనకు బాగా అవసరమైన సాక్ష్యమే ఆ సగటులోకి రాదు.

నియమాలు లేకపోలేదు. 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000:2022 ప్రమాణం వచ్చింది. డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూలు పెట్టకూడదంది. 2024 నవంబరు మార్గదర్శకాలైతే కోచింగ్ సంస్థల గురించే. విజేత ఏ కోర్సు చదివాడో దాచకూడదు, ఎంపికయ్యాక అతని రాతపూర్వక అనుమతి లేకుండా ఫోటో వాడకూడదు. మంచివే. కాకపోతే నియమం అబద్ధాన్ని ఆపగలదు గానీ, ఎవరూ చెప్పని నిజాన్ని చెప్పించలేదు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర "అన్నా, అక్కడ చేరొచ్చా?" అని సీనియర్ని అడిగితే, "నీది తెలుగు మీడియమా? ఎన్ని నెలలు ఉండగలవ్?" అని ఎదురడుగుతాడు. అతనూ పొరబడొచ్చు. కానీ నువ్వెవరో తెలుసుకుని చెప్తాడు, రేపు మళ్లీ నీకు ఎదురుపడతాడు. ఆ జవాబుదారీతనం నక్షత్రానికి లేదు.

అందుకే ఇడ్లీకి రివ్యూ రాయడం ఉపకారం, కోచింగ్‌కి రాయడం బాధ్యత అనుకుంటాను. ఉద్యోగం రాకపోవడం ప్రతిసారీ సంస్థ తప్పు కాదు కాబట్టి తీర్పులూ శాపాలూ అక్కర్లేదు. ఫీజెంత, సిలబస్ పూర్తయిందా, క్లాసులో ఎంతమంది, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిచ్చారా? ఈ నాలుగు ముక్కలు చాలు. పొలం కౌలు డబ్బుతో నగరానికొచ్చే అమ్మాయికి విజేత ఫోటో కన్నా, ఓడినవాడు రాసిన ఆ నాలుగు వాక్యాలే ఎక్కువ పనికొస్తాయి.